అమ్మ వద్దన్న సూది

"బడిలో చేరావటగా, ఎలా ఉందేమిటి?" అంటూ గత సంచిక వచ్చాక చాలామంది ఫోన్లు చేశారు. అందరికీ తలా ఒక ముక్క చెప్పేకంటే ఈసారి మొత్తం ఆ ముచ్చటే రాస్తే పోలా అనిపించింది. అయితే ఇందులో బడితో పాటు ఒక సూది కూడా ఉంది. చిత్తగించండి.

ముందుగా, ఈ పత్రిక కొత్తగా అందుకుంటున్నవారి కోసం మా ఊరి చిరునామా. కల్బా షార్జా ఎమిరేట్‌లోదే, కానీ షార్జా నగరానికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. కొండలు దాటుకుని తూర్పు తీరానికి వస్తే ఫుజైరా, దాన్ని ఆనుకుని మేము, మా తరవాత ఒమన్ సరిహద్దు. దుబాయ్‌లో ఉన్న మీరంతా సూర్యుడు సముద్రంలో మునగడం చూస్తారు. మాకు మాత్రం పొద్దున్నే సముద్రంలోంచి పైకి లేస్తాడు, అచ్చం మా పేరుపాలెం బీచిలో లాగా! నర్సాపురం దగ్గర పుట్టిన నాకు ఈ ఊరు నచ్చడానికి ఆ ఒక్క కారణం చాలు.

మావారి ఉద్యోగం ఫుజైరాలో. పెళ్ళయి వచ్చాక రెండేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. బి.ఎడ్. సర్టిఫికెట్ అక్కడా ఇక్కడా ముద్రలన్నీ వేయించుకుని వచ్చేసరికి పుణ్యకాలం గడిచింది. చివరికి పోయిన ఆగస్టు నెలాఖరున, వేసవి సెలవులు అయి బళ్ళు తెరిచే వేళకి, ఒక ఇండియన్ స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. ఆరో తరగతి 'బి' సెక్షన్. ముప్పై ఒక్కమంది పిల్లలు. సగం పైగా మలయాళీలు, తరవాత పాకిస్తాన్, బంగ్లాదేశ్ పిల్లలు. మన తెలుగు పిల్లలు ఇద్దరంటే ఇద్దరు.

పావు తక్కువ అయిదుకి లేస్తాను. మావారికీ నాకూ డబ్బాలు సర్దేసరికి ఆరవుతుంది. ఆరుంపావుకి స్కూలు బస్సు. ఏడూ ఇరవైకి మొదటి పీరియడ్. మధ్యాహ్నం ఇంటికొచ్చి కాస్త నడుం వాల్చి, నోట్‌బుక్కులు దిద్ది, మర్నాటి పాఠం రాసుకునేసరికి రాత్రి. ఇందులో ఏముంది, అందరు టీచర్లూ చేసేదేగా అంటారా? నిజమే. కానీ మొదటి నెల నాకు రోజూ పరీక్షే. నేను బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక సంత. అరిచి అరిచి సెప్టెంబరులో గొంతు పోయింది. క్లాసు చూడటానికి వచ్చిన పెద్దావిడ వెళ్ళేటప్పుడు మెత్తగానే అన్నారు, "పాఠం బాగుందమ్మా, వినేవాళ్ళే లేరు" అని. ఆర్నెల్ల ప్రొబేషన్. ఆ మాటతో ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

సరే, ఇక సూది సంగతి.

ఇంట్లో ఖాళీగా ఉన్న రెండేళ్ళలో పక్క ఫ్లాట్ ఫిలిప్పీన్స్ నర్సు దగ్గర ఊలు అల్లడం నేర్చుకున్నాను. "ఎడారిలో ఊలు ఏంటే!" అని మా ఆడపడుచు ఒకటే నవ్వు. స్టాఫ్‌రూములో ఏసీ కింద ఒక గంట కూర్చుంటే తెలుస్తుంది ఎందుకో! నేను కప్పుకున్న శాలువా చూసి నలుగురు టీచర్లు నమూనా అడిగారు. రెండు సూదుల అల్లిక పట్టుబడ్డాక ఒంటి కొక్కెం సూది తీసుకున్నాను. అది ఎవరూ నేర్పక్కరలేకపోయింది. చేతులకి ముందే తెలుసు.

ఎందుకు తెలియదూ! మా అమ్మ లేసు అల్లేది. నర్సాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఏ అరుగు మీద చూసినా ఒడిలో దారపు ఉండ, వేళ్ళ మధ్య కొక్కెం సూది. పంతొమ్మిదో శతాబ్దం నడిమిలో మిషనరీలు నేర్పిన పని అది. అక్కణ్ణించి ఓడలెక్కి దేశదేశాలకి పోయింది. ఒకరు పువ్వులు అల్లుతారు, ఒకరు అంచులు అల్లుతారు, వాటిని కలిపి బల్లగుడ్డో దుప్పటో చేసేవాళ్ళు వేరే. దాన్ని 'అతుకుపని' అంటారు. మా అమ్మకి రెండూ వచ్చు. ఏజెంటు ఇచ్చే డబ్బులతోనే నా ఫీజులు కట్టింది. కానీ నేను సూది ముట్టుకుంటే మాత్రం చేతి మీద ఒక్కటి వేసేది. "ఇది నీకొద్దు. నీ చేతిలో పెన్నే ఉండాలి" అనేది. నేను పక్కన కూర్చుని చూస్తూ చదువుకునేదాన్ని.

అందుకే ఒక రోజు వీడియో కాల్‌లో నేను అల్లిన చిన్న లేసు పువ్వు గొప్పగా చూపించినప్పుడు ఆవిడ మొహం మారిపోయింది.

"ఇందుకా నిన్ను అంత చదివించింది?"

"ఊరికే టైంపాస్‌కే అమ్మా."

కాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత, "నాకు దీంతో టైం పాసవలేదే తల్లీ, రోజు గడిచింది" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

మా షార్జా ఎమిరేట్‌లో 2022 జనవరి నుంచి శుక్ర, శని, ఆది మూడు రోజులూ వారాంతం అని మీకు తెలుసుగా. మావారికి ఫుజైరాలో శుక్రవారం ఆఫీసు ఉంటుంది. అందుకని చలికాలం శుక్రవారం పొద్దులు నా సొంతం. ఫ్లాస్కులో టీ, సంచిలో ఊలు వేసుకుని ఖోర్ కల్బాకి వెళ్తాను. ఖోర్ అంటే మన భాషలో సముద్రపు పాయ. దాని చుట్టూ మడ అడవి! ఎడారి దేశంలో మడ అడవేమిటని మొదటిసారి నేనూ నోరు తెరిచాను. మన కాకినాడ దగ్గర కోరింగలో ఉండే జాతి మడ చెట్లే ఇక్కడా ఉన్నాయి. 2012లో దీన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఆకు కూడా తుంపకూడదు. కల్బా పేరే పెట్టుకున్న లకుముకి పిట్ట ఒకటి ఇక్కడ ఉంటుంది, చాలా అరుదైన ఉపజాతి. ముసలి మడ చెట్ల తొర్రల్లో గూడు పెడుతుంది కాబట్టి ఆ చెట్లు పోతే అదీ పోయినట్టే. నీలంగా తళుక్కుమని పోవడం రెండేరెండు సార్లు చూశాను. రెండుసార్లూ ఊలు ఉండ ఇసకలో పడేసుకున్నాను!

అక్కడ కూర్చునే ఒక శుక్రవారం అమ్మకి ఫోన్ చేసి క్లాసు సంగతి వెళ్ళబోసుకున్నాను. ముఖ్యంగా వెనక బెంచీ అబ్బాయి ఒకడి గురించి. వాడు కూర్చోడు, పక్కవాళ్ళని కూర్చోనివ్వడు. అమ్మ అంతా విని, చదువు గురించి ఒక్క ముక్క అనలేదు.

"అతుకుపనికి వచ్చే పువ్వులన్నీ ఒకలా ఉంటాయేంటి? ఒకామె బిగించి అల్లుతుంది, ఒకామె వదులుగా అల్లుతుంది. బిగుతు పువ్వుని పట్టి లాగితే ముడి ఇంకా బిగుసుకుంటుంది. చుట్టూ తిప్పి చూడు. ఎక్కడో ఒక కొస వదులుగా ఉంటుంది. సూది అక్కడ పెట్టాలి."

వాడి వదులు కొస ఎక్కడుందో వెతికాను. వాళ్ళ నాన్న చేపల పడవల ఇంజన్లు బాగుచేస్తాడట. సెలవు రోజుల్లో వీడూ రేవు దగ్గరే. జనవరిలో ఆ పెద్దావిడ మళ్ళీ నా క్లాసు చూడటానికి వచ్చిన రోజున మడ చెట్ల ఫోటోలు పట్టుకెళ్ళాను. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచిన వేళ్ళు చూపించి, "వేళ్ళు కిందికి కదా పోవాలి, ఇవి పైకెందుకు వచ్చాయి?" అని అడిగాను. అరవలేదు. అడిగి ఊరుకున్నాను.

వెనక బెంచీ నుంచి చెయ్యి లేచింది. ఆ బురద తను తొక్కాడట, కుళ్ళు వాసన వేస్తుందట, లోపల గాలి ఉండదట. పోటు వచ్చినప్పుడు అవి మునిగిపోతాయనీ, నీళ్ళు తీశాక మళ్ళీ బయటపడతాయనీ లేచి నిలబడి మరీ చెప్పాడు. "అయితే అవి ముక్కులా మిస్?" అంది ముందు బెంచీ అమ్మాయి. అంతే, ఆ రోజు పాఠం పిల్లలే చెప్పారు. బురదలో గాలి ఆడదు కాబట్టి ఆ చెట్టు పైకి పంపే శ్వాస వేళ్ళు అవి. ఉప్పునీళ్ళు తాగి, ఎక్కువైన ఉప్పుని ఆకుల మీదకి వదిలేస్తుందని చెప్పేసరికి గంట కొట్టారు. ఎవరూ లేవలేదు. ఫిబ్రవరి చివర నా ఉద్యోగం ఖాయం చేస్తూ కాగితం ఇచ్చారు. అలాగని వాడు బుద్ధిమంతుడైపోయాడని కాదు సుమా! నిన్న కూడా డస్టరు కిటికీలోంచి బయటికి విసిరాడు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. 2024లో నర్సాపురం లేసు అల్లికకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మాట స్టాఫ్‌రూములో చెబితే, ఒక టీచరుగారు భోజనాల బల్లకి గుడ్డ కావాలన్నారు. ఆన్‌లైన్‌లో మెషీను లేసు ఇంతకే వస్తోందంటూ అరవై దిర్హాములు ఇస్తానన్నారు. నేను సంబరపడి ఒప్పేసుకుని, "అమ్మా, నీకు ఆర్డరు తెచ్చాను" అన్నాను.

"ఎన్ని గంటలు పడుతుందో లెక్క వేశావా?" అంది.

మొట్టికాయ వేసినట్టయింది. ఆ కొలతలో పువ్వుకి ఎంతసేపో, ఎన్ని పువ్వులో, అతుకుపని ఎంతో ఆవిడ చెబుతుంటే కాగితం మీద వేశాను. అరవై గంటలు దాటింది. గంటకి ఒక దిర్హాం కూడా కాదు!

"మాకెప్పుడూ గంటల లెక్క లేదు, దారం లెక్కే. ఎన్ని ఉండలు అల్లితే అంత కూలి. దీపం కింద ఎంతసేపు కూర్చున్నావని ఎవరూ అడగలేదు. చదువుకున్నదానివి, నువ్వన్నా అడుగు" అంది.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నర్సాపురం లేసు స్త్రీల మీద ఒక పుస్తకమే రాశారు, 1982లో వచ్చింది. విదేశాలకి పోయే సరుకు తయారుచేస్తున్నా, లోకం వాళ్ళని కూలీలుగా కాక ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఇల్లాళ్ళుగానే చూసిందని అందులో ఆవిడ చెప్పారు. అది బి.ఎడ్. రోజుల్లో విన్నాను, తల ఊపాను. తీరా మా అమ్మ పనికి నేనే అరవై దిర్హాములు ఒప్పుకుని వచ్చాను చూశారా!

మర్నాడు ఆ కాగితం టీచరుగారికి చూపించాను. నాకు చెమటలు పట్టాయి, ఏసీలో! ఆవిడ రెండుసార్లు చదివారు. "అంత ఇచ్చుకోలేనమ్మా" అన్నారు, దాపరికం లేకుండా. రెండు రోజుల తరవాత వచ్చి, బల్లగుడ్డ వద్దు, టీపాయి మీదకి చిన్నది చాలు, గంటల లెక్కనే ఇస్తానన్నారు. ఆ డబ్బు నేరుగా అమ్మకే పంపారు. అమ్మ అందులో సగం పక్కింటి పిన్నికి ఇచ్చిందట, అంచులు ఆవిడ అల్లింది కాబట్టి.

నేను మాత్రం ఇంకా మడ చెట్ల నీడన కూర్చుని ఊలు అల్లుతూనే ఉన్నాను. టైంపాస్ అనడం మానేశాను. అమ్మ వచ్చే డిసెంబరులో విజిట్ వీసా మీద వస్తోంది. నిన్న ఫోన్‌లో సామానంతా చెప్పాక, చివర్న గొంతు తగ్గించి అడిగింది: "మంచి దారం తీసుకురానా? ఆ ఊలు నీ చేతికి బాగాలేదు."

చలికాలంలో మీరూ ఒక శుక్రవారం ఇటు రండి. నీళ్ళ సీసా, టోపీ మరిచిపోకండి. లకుముకి పిట్ట కనిపిస్తుందని మాట ఇవ్వలేను కానీ, సముద్రంలోంచి లేచే సూర్యుణ్ణి మాత్రం తప్పకుండా చూపిస్తాను.

మళ్ళీ వచ్చే సంచికలో కలుద్దాం!