తండ్రి మాట, బిడ్డ రాత

బీదర్ కోట అంటే మనకు బహమనీ సుల్తానులే యాదికొస్తారు. వాళ్లకు ముందటి కన్నడ శాసనం ముక్క ఒకటి ఆ కోటలోనే దొరికింది. అందులో ఉన్నది ఓరుగల్లు రుద్రమదేవి బిరుదులు. ఆమె దగ్గర పనిచేసిన సింద వంశపు మాండలికుడు భైరవుడు యాదవ సైన్యాన్ని ఓడించిన సంగతీ ఉంది. రాణి తెలుగామె, రాయి మీద రాత కన్నడం. హళ్ళిఖేడ్ మిల్లు బస్తీలో ఇంట్లో ఒక భాష, బజార్లో ఒక భాష మాట్లాడే మనకు ఇదేం కొత్త కాదు.

ఆ రుద్రమ గద్దె ఎట్లెక్కిందన్న దాని మీద చరిత్రకారులు చానా ఏండ్లు వాదులాడుకున్నారు. ఇటలీ నుంచి వచ్చిన మార్కో పోలో, భర్త పోయాక నలభై ఏండ్లు ఏలిన రాణి అని రాసిపోయాడు. అది నమ్మి కొందరు ఆమెను గణపతిదేవుని భార్య అనుకున్నారు. 1261 నాటి మల్కాపురం శాసనం ఆమె గణపతిదేవుని బిడ్డ అని తేల్చింది.

మరి తండ్రి పోయాకే ఏలిందా? కాదు. 1259-60 నుంచే రుద్రదేవ మహారాజు అన్న మగపేరుతో తండ్రితో కలిసి రాజ్యం చూసింది. 1269 నాటి శాసనంలో కూడా ఆమెను పట్టానికి నిర్ణయమైన మనిషిగానే రాశారు. అంటే ముసలి తండ్రి బతికుండగానే పనంతా బిడ్డ చేతిలో పెట్టాడు. ఆమె పోయిన ఏడాది మీదా తగాదే. 1295 దాకా ఏలిందని అనుకునేవారు. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం దొరికినాక అది 1289 అని తెలిసింది.

ఈజిప్టులోనూ ఇట్లాంటిదే ఉంది. దాదాపు మూడువేల అయిదొందల ఏండ్ల కింద హత్‌షెప్సుత్ అనే రాణి, సవతి కొడుకు మూడో తుత్మోసుతో కలిసి ఏలింది. బొమ్మల్లో గడ్డం పెట్టి మగరాజు లెక్క చెక్కించుకుంది. తర్వాత ఆమె పేరు గోడల మీద చెక్కేశారు. పగతో వెంటనే చేశాడని పండితులు మొదట రాశారు. ఆమె పోయిన ఇరవై ఏండ్లకు గానీ ఆ పని జరగలేదని తర్వాత తేలింది.

మల్కాపురం రాయిలో నాకు నచ్చిన సంగతి వేరే. గణపతిదేవుడు మందడం ఊరిని నోటిమాటతో దానమిచ్చాడు. రుద్రమ దానికి వెలగపూడిని కలిపి రాతలో పెట్టింది. ఆ ఊళ్ల ఆదాయంతో ప్రసూతిశాల, వైద్యశాల, అన్నసత్రం నడిచాయి. మాట తండ్రిది, దాన్ని నిలబెట్టింది బిడ్డ.

మన ఇండ్లల్ల ఏమైతుంది? "పెండ్లికి పెట్టినం కదా, సంతకం పెట్టు బిడ్డా" అని హక్కు వదిలించే కాగితం ముందర పెడతారు. ఉమ్మడి ఆస్తిలో బిడ్డకు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కుందని 2005 చట్టం చెప్పింది. ఆ నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

కాబట్టి అన్నలారా, పీఎఫ్ నామినీ కాగితం, ఇంటి కాగితం ఒకసారి తీసి చూడండి. ఎవరికేం చెందాలో మీరు బతికుండగానే, బిడ్డల ముందర, రాతలో పెట్టండి. అక్కలారా, మీరు కూడా చదవకుండా, తెలిసినవాళ్లను అడగకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.