పండగపూట ఖవ్వాలీ చాలదు

రంజాన్ వస్తే రేడియోకు మేం గుర్తొస్తాం. ఒక ఖవ్వాలీ, ఒక ప్రసంగం, ఈద్ ముబారక్. మర్నాటి నుంచి మేం లేం.

ఆ వినిపించే ఉర్దూ అయినా మాదా? కనిగిరిలో మా అమ్మీ మాట్లాడేది సగం తెలుగు కలిసిన ఉర్దూ. అది వింటే లక్నోవాళ్లు నవ్వుతారు, మా తెలుగు వింటే పండితులు నవ్వుతారు. దూదేకులవాళ్లకైతే ఇంటిభాషే తెలుగు. వాళ్లను అసలు లెక్కలోకే తీసుకోరు. మా పెళ్లిపాటలు, పీర్ల గుండం చుట్టూ అన్ని కులాలూ కలిసి ఆడే ఆట ఏ స్టేషన్‌కు పడతాయి? ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిపోయిన ఖాలా గోడు ఎవరికి కావాలి?

గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. స్వచ్ఛంద సంస్థలకు అనుమతి ఇవ్వడానికి సర్కారుకు 2006 దాకా తీరలేదు. 2008లో జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో దళిత ఆడవాళ్లు సంఘం రేడియో మొదలుపెట్టారు. తమ యాసలోనే విత్తనాల గురించి మాట్లాడారు, తమ పాటలే పాడారు. మరి డిగ్రీలున్న మనం? ముషాయిరాల్లో కూర్చుని వాహ్వా అంటున్నాం, నాతో సహా.

అక్కడా ఒక మెలిక పెట్టారు. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదట! కుళాయి రాలేదంటే సమాచారం, ఎందుకు రాలేదంటే రాజకీయమా? మైకు ఇచ్చి చూడండి. మా ఖాలా ఆ రెండోదే అడుగుతుంది.