దెబ్బ దాచి అమ్మరాదు

తుపానుకు కూలిన చెట్టు కట్టెలకైనా పనికొస్తుంది. తుపానుకు తలకిందులైన విమానం దేనికి పనికొస్తుంది? చాలావాటికి పనికొస్తుంది. అయితే దానికి తగిలిన దెబ్బలన్నీ కాగితం మీద ఉండాలి. కోస్తా పల్లెలు నేర్వవలసింది అదే.

1992 ఆగస్టు 24న ఆండ్రూ అనే పెనుతుపాను అమెరికాలోని దక్షిణ ఫ్లోరిడాను తాకింది. గాలి గంటకు 260 కిలోమీటర్లకు మించి వీచింది. మయామీ నగరం దగ్గరి టామియామీ విమానాశ్రయంలో అనేక చిన్న విమానాలు నుజ్జునుజ్జయ్యాయి. అక్కడి వీక్స్ విమాన ప్రదర్శనశాల కూడా దెబ్బతింది. నలుగురు కూర్చునే సెస్నా-172 వంటి విమానం ఖాళీ బరువు సుమారు 750 కిలోలే. గంటకు 100 కిలోమీటర్ల వేగం అందితే చాలు, అది నేల విడుస్తుంది. అంత గాలికి పైలెట్ లేకుండానే లేచి పల్టీ కొట్టడంలో వింత లేదు.

ఇలా పాడైన విమానానికి బీమా ఉంటే, కంపెనీ యజమానికి సొమ్ము చెల్లించి శిథిలాన్ని సాధారణంగా తానే అమ్ముతుంది. కొన్నవారు చక్రాలు, సీట్లు, రేడియోలు, ఇంజను విడివిడిగా విప్పుతారు. పనికిరాని అల్యూమినియం రేకు కొలిమికి పోతుంది.

పైకి బాగుందని ఇంజనును మాత్రం తిరిగి బిగించరు. క్రాంక్ షాఫ్టులో కంటికి కనబడని పగులు ఉండవచ్చు. దానికి అయస్కాంత శక్తి ఎక్కించి ఇనుప పొడి చల్లితే, పగులు ఉన్నచోట పొడి గీతలా పేరుకుంటుంది. ఆయుష్షు తీరిన భాగాలు మళ్లీ విమానానికి ఎక్కకుండా గుర్తు వేయడమో, లెక్క రాయడమో, ముక్కలు చేయడమో జరగాలని 2002 నుంచి అక్కడ నిబంధన ఉంది.

మరి ఇక్కడి సంగతి? వరదలో మునిగిన పొలం మోటారునో, ఉప్పునీరు చొరబడిన పడవ ఇంజనునో ఎండబెట్టి, రంగు వేసి అమ్మితే కొనేవాడికి తెలిసే దారేది? వైండింగులో తేమ మిగిలితే మోటారు కాలిపోతుంది. బాడీకి కరెంటు పాకితే రైతు ప్రాణమే పోతుంది. నడిసముద్రంలో ఇంజను ఆగితే పడవలోని వారికి దిక్కెవరు?

పాత సామాను అమ్మడం తప్పు కాదు. కొత్తది కొనలేని పేదవాడికి అదే ఆధారం. దెబ్బ దాచడమే తప్పు.

1977లో దివిసీమ ఉప్పెనను, 2014లో హుద్ హుద్ ను చూసిన తీరం ఇది. తుపాను తర్వాత నష్టం రాసుకునేందుకు వచ్చే సిబ్బంది, మునిగిన మోటార్లు, ఇంజన్ల నంబర్లు కూడా రాసుకోవాలి. ఆ జాబితా పంచాయతీ కార్యాలయంలో అందరికీ అందుబాటులో ఉంచాలి. అమ్మేవారు రసీదు మీద ‘నీట మునిగినది’ అని విధిగా రాయాలి. కొనేవారు సైతం రసీదు లేకుండా డబ్బు ఇవ్వరాదు.

అలా రాస్తే ధర పడిపోతుందని వ్యాపారులు అనవచ్చు. పడిపోనీ. ఆ సరుకుకు అసలు ధర అదే.