శరత్కాలపు సాక్ష్యము: అక్కుపల్లి ఛాయాగ్రాహకుల ప్రణాళిక

వజ్రపుకొత్తూరు మండలమందలి అక్కుపల్లిలో పుట్టి పెరిగినవారమును, పెండ్లి వలననో కొలువు వలననో ఈ యూరికి వచ్చి ఇక్కడివారమైపోయినవారమును అగు మేము, మా చేతులలోని కెమేరాలను, సెల్‌ఫోనులను ఇకమీదట దేనికై వినియోగింపదలచితిమో, దేనికి వినియోగింపబోమో ఊరివారి యెదుట నిస్సంకోచముగా చెప్పుకొనుటకై ఈ ప్రణాళికను ప్రకటించుచున్నాము. మా కూటమికి పేరు లేదు. పేరు పెట్టుటకు కూర్చున్నప్పుడెల్ల వాదమే మిగిలినందున ఆ పనిని వాయిదా వేసితిమి. అసలు పని మాత్రము వాయిదా పడరాదు. ఆశ్వయుజ కార్తిక మాసములలో ఊరి చుట్టును కాలినడకన తిరిగి, నిత్యము జరుగుచు, నిత్యమగుటచేతనే యెవరి కంటను పడక పోవుచున్న బ్రదుకును ఛాయాచిత్రములుగా నిలుపుటయే ఆ పని.

ఈ రెండు మాసములనే యేల యెంచుకొంటిరని అడుగువారికి సమాధానము సముద్రమువైపునుండియే వచ్చును. 2013 అక్టోబరు 12న ఫైలిన్, మరుసటి యేడు సరిగా అదే తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న, శరన్నవరాత్రులలో రెండవనాటి తెల్లవారుజామున, తిత్లీ తుపానులు వచ్చిపడినవి. ఇట్లు మా తరమువారి గుండెలదరిన దినములు శరత్తునకే చెందినవి. మొదటి రెండును గోపాలపురము, విశాఖపట్టణముల చెంత తీరము దాటినవి. మూడవది మన పలాస చెంతనే నేలకెక్కినది. తాతలు కావడికుండలతో నీరుమోసి పెంచిన కొబ్బరిచెట్లును, పనసలును, జీడిమామిళ్ళును ఒక్కపూటలో నేలవ్రాలినపుడు దూరనగరములనుండి కెమేరాలు వచ్చినవి. కూలిన తోటలను, లేచిపోయిన కప్పులను, తలపై చేతులుంచుకొని కూర్చున్న రైతులను చిత్రించుకొనిపోయినవి. ఆ చిత్రకారులను మేము తప్పుపట్టము. వారు రాకున్నచో మన నష్టము లోకమునకు తెలియకయే పోయెడిది. అయితే, కూలకముందు తోట యెట్లుండెనో చూడవలెనని ఇండ్లలో వెదకికొన్నపుడు పెండ్లి ఆల్బములు తప్ప వేరు ఆధారము దొరకలేదు. వధూవరుల భుజములమీదుగా, అక్షతలు చల్లు ముత్తైదువుల కొప్పుల సందున, మసకమసకగా కనబడు మానులే నేడు మాకు మిగిలిన పాతతోట. పడిన చెట్టునకు చిత్రమున్నది, నిలిచిన చెట్టునకు లేదు. రేపును అక్కడనే యుండు చెట్టునకు చిత్రమేలయని లోకమంతయు అనుకొనును గాని, దేశవాళీ కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టునని తెలిసిన మన ఉద్దాన ప్రాంతమువారు అట్లనుకొనరాదు. కావున విపత్తు రాకముందటి దినమే మా వస్తువు.

తుపాను పిమ్మట ఉద్దానము పేరు వినగానే పరులకు స్ఫురించునది మూత్రపిండముల వ్యాధి. ఇన్నేండ్ల పరిశోధన జరిగినను మూలకారణము తేలక, ఇంటింటను ఒకరిని పట్టుకొనుచున్న ఈ రోగమునకై 2023 డిసెంబరులో పలాసలో పరిశోధనకేంద్రమును, ఆసుపత్రియు ప్రారంభమైనవి. అది వైద్యుల పని, మేలైన పని. కాని డయాలసిస్ మంచముపై గొట్టములు తగిలించిన చేతిని కదలింపలేక పడియున్న మనిషి మొగము చెంత కెమేరా నుంచుట మా పని కాదు. రోగమును దాచుదుమని దీనికి అర్థము చెప్పరాదు. వారమునకు రెండుమార్లు ఆసుపత్రికి పోయివచ్చు పెద్దాయన, పోనవసరము లేని దినమున తన యరుగుమీద కూర్చుండి, కొబ్బరియాకు చీల్చి, కత్తివాదరతో ఈనెను నున్నగా గీచి, చీపురు కట్టుచు, 'తీసుకో బావూ' అనినచో ఆ చిత్రమును తప్పక తీయుదుము. అందు కనబడునది చీపురు కట్టుట యెరిగిన మనిషి.

శరత్తనగా ఎఱ్ఱబారి రాలు ఆకులని విదేశపు క్యాలెండర్లు చూచి నేర్చినవారు మా యూరిలో నిరాశపడుదురు. ఇచ్చట ఆకు రాలునది శిశిరమున. శరత్తు పచ్చనిది, తడిసినది. నైరృతి ఋతుపవనము వెనుదిరిగి ఈశాన్యపు గాలి ఇంకను నిలద్రొక్కుకొనని ఆ సంధికాలమున, వాన వెలిసిన ఆకాశము తోమిన కంచమువలె నుండి, వాయవ్యమున మహేంద్రగిరి తక్కిన మాసములలోకంటె దగ్గరకు జరిగినట్లు తోచును. ఇసుకనేలలోని నేలబావులు అంచులకు నిండియుండును. పల్లపు పొలములలో వరి పొట్టవిప్పుచుండును. మొగలిపొదల అవతల సరుగుడుతోటలోని గాలిహోరు అలలహోరుతో కలిసిపోయి, ఏది యేదియో తెలియకుండును. ఇవన్నియు అందమైనవే; అందమైనవి కనుకనే వీనియెడ మాకు కొంత అనుమానము. మా తీరమునకు వచ్చి సూర్యోదయమును చిత్రింపక పోవు పర్యాటకుడు లేడు. ఉన్నవి చాలునని యెంచి, ఇంకొకటి చేర్చుట మానుకొంటిమి. సూర్యునకు వీపు చూపి నిలిచి, ఆ తొలివెలుగు ఎవరిమీద పడుచున్నదో చూచుట మాకు ముఖ్యము.

అది పెక్కుమార్లు స్త్రీలమీదను ముదుసళ్ళమీదను పడును. జిల్లా తీరపు పల్లెలనుండి మగవారు పెక్కుమంది ఆగస్టునాటికే గుజరాతులోని వేరావలు రేవునకు పడవపనికి తరలిపోయి, వేసవికి గాని ఇల్లు చేరరు. అట్లు పోయినవారిలో కొందఱు 2018 నవంబరులో పాకిస్తానువారికి చిక్కి, 2020 జనవరిలో గాని వాఘా సరిహద్దు దాటి రాలేకపోయిరి. శరత్కాలపు ఊరిని కన్నులార చూడని మగవారు ఈ తీరమున ఎందఱో కలరు. కాలి బొటనవ్రేలికి వలకన్ను తగిలించి బిగువుగా పట్టి, తెగినచోట నైలాను దారముతో ముడివేయుచు, పంటితో దారము త్రెంచు తాతను, ఎండు నెత్తళ్ళను చేటలో చెఱిగి ఇసుక దులుపు కోడలిని చిత్రించునపుడు, ఆ చిత్రమునకు తొలి ప్రేక్షకుడు వేరావలులోని పడవమీద నుండునని మఱవము. సిగ్నలు దొరకిననాడే అది అతనికి చేరవలెను. ఊరివారికి చూపుట ఆ తరువాత.

ఈ మార్గమునకు మేమే ఆద్యులమని చెప్పుకొనము. నేటికి నిలిచియున్న తొలి ఛాయాచిత్రమే, 1826–27 ప్రాంతమున ఫ్రాన్సుదేశపు పల్లెలో నియెప్సు తన మేడకిటికీలోనుండి తీసిన పెరటికప్పుల చిత్రము. అనగా ఈ విద్య సొంత ఇంటిని చూచుకొనుటతోనే మొదలైనది, రాజసభలకు తరువాత పోయినది. 1897లో సర్ బెంజమిన్ స్టోన్ ఇంగ్లండు ప్రజల ఆచారములు మాసిపోకముందే వానిని చిత్రములలో భద్రపఱుపవలెనని ఒక సంఘమునే స్థాపించెను. హైదరాబాదులో ఆఱవ నిజాము కొలువున రాజా దీనదయాళు ఈ కళను ఎంతటి యౌన్నత్యమునకు గొనిపోయెనో లోకమెఱుగును. ఆ దర్బారులను, మహళ్ళను చూచి మేమును అబ్బురపడుదుము. గురువుగా తలచునది మాత్రము బతుకమ్మను, పల్లెయిండ్లను, శ్రమజీవులను ఏండ్ల తరబడి చిత్రించి 2022లో కన్నుమూసిన వరంగల్లు భరత్ భూషణునే. తెలంగాణమునకు ఆయన చేసినది ఉద్దానమునకు ఎవరో ఒకరు చేయవలెను గదా.

నడకను మేము నియమముగా పెట్టుకొంటిమి. బండిమీద పోవువానికి కొబ్బరితోట కనబడును గాని, తోటలో నేలకు నిలువుగా పాతిన ఇనుపమొనపై కాయను గ్రుచ్చి, మణికట్టు త్రిప్పి, పీచు విడదీయు మనిషి చేతివాటము కనబడదు; దానిని చూచుటకే ఒక పూట పట్టును, చిత్రించుట తరువాతి మాట. అడుగక ఎవరిని చిత్రింపము. పిల్లలైనచో తల్లిదండ్రులను అడుగుదుము. వలదన్నవారిని రెండవమారు అడుగము. అడిగినంతనే తల దువ్వుకొని, చొక్కా మార్చుకొని, నిటారుగా నిలుచువారుందురు. ఆ చిత్రమును గూడ తీసి, అచ్చువేయించి ఇత్తుము, అది వారి హక్కు; పిమ్మట వారు మరల పనిలో మునుగువరకు ఓపికపట్టుదుము. దీపావళినాడు గోగుకాడలకు పాతగుడ్డ చుట్టి వెలిగించి వాకిట కొట్టు పిల్లలను, నాగులచవితినాడు జీడితోటలోని పుట్టకు పాలుపోసి చిమ్మిలి నివేదించు తల్లులను చిత్రింతుము. పుట్టకన్నమునకు కెమేరా గురిపెట్టి పామునకై కాచుకొను శూరులు మాత్రము వేరుగా సంఘము పెట్టుకొనవచ్చును. టెక్కలి చెంత తేలినీలాపురమునకు ఈ కాలమున వచ్చు పెలికాన్లను ఆ యూరివారు చుట్టములవలె చూచుకొందురు. చిత్రములకై అక్కడకు పోయినవారు గూళ్ళకు దూరముగా నిలువవలెను, డ్రోను ఎగురవేయరాదు.

రంగుల విషయమున మాలో పెద్ద వాదమే జరిగినది. నలుపు తెలుపులలో గాంభీర్యమున్నదని కొందఱు పట్టుపట్టిరి. వారిది కాదనరాని మాటయే. కాని తెల్లదోమ పట్టిన కొబ్బరిమట్టపై మసిబారిన నలుపును, పక్కమట్ట ఆరోగ్యపు పచ్చదనమును వేఱుపఱిచి చూపునది రంగు గనుక, రైతునకు పనికివచ్చు సాక్ష్యమే మేలని రంగునకే ఒప్పుకొంటిమి. ఆ రంగు ఉన్నరంగే కావలెను. నేటి సెల్‌ఫోను మనలను అడుగకయే ఆకాశమునకు నీలమును, మొగమునకు తెలుపును పూయుచున్నది. ఆ సదుపాయమును తొలుతనే ఆపివేయవలెను. జీడిపిక్క ఒలుచుటచే నల్లబడిన వ్రేళ్ళను తెల్లగా చూపు యంత్రము పలాసకు పనికిరాదు. ప్రతి చిత్రము వెనుకను తేదియు, తిథియు, చోటుపేరును, గాలి యేవైపునుండి వీచుచున్నదో అదియు వ్రాయవలెను. మనుషుల పేర్లు వారు ఒప్పుకొన్నచోనే. పోటీలకు పంపము. పత్రికలవారు అడిగినచో చిత్రములోని మనిషినే అడిగి రమ్మందుము.

తొలినడక ఈ ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి ఉదయమున. కెమేరా లేనివారును రావచ్చును. ఒకరు చిత్రము తీయుచుండగా పేర్లు వ్రాసికొనువారును, గడ్డిలో పాములను కనిపెట్టువారును కావలెను. చందా లేదు; అచ్చుఖర్చు ఎవరిది వారిదే, చదువుకొను పిల్లల ఖర్చు కొలువుచేయువారు పంచుకొందురు. ఆనాడు తుపాను హెచ్చరిక ఉన్నచో నడక రద్దు. కెమేరాలను ఇంటనే యుంచి, ముసలివారిని తుపాను ఆశ్రయభవనమునకు చేర్చు పనికి సభ్యులందఱును రావలెను.