పరీక్షకు ముందు ఉండే గది

ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి ఊళ్ల నుండి తెల్లవారగానే ఆటో ఎక్కి సంగారెడ్డి ఆసుపత్రులకు వెళ్లే అమ్మలు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. అలాంటి ఒక అమ్మను తలచుకోండి. మూడు రోజులుగా మూత్రంలో మంట, సాయంత్రమైతే జ్వరం. డాక్టరుగారు చూసి మూత్ర పరీక్ష రాశారు. కౌంటరు దగ్గర చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి, "పట్టుకొని రామ్మా" అన్నారు.

ఆమె వరండా చివరి దాకా నడిచింది. మరుగుదొడ్డి ముందు వరుస ఉంది. లోపల నేలంతా తడి. గడియ సరిగా పడదు. భుజాన సంచి తగిలించడానికి మేకు లేదు, డబ్బా పెట్టడానికి చిన్న గూడు కూడా లేదు. ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, ఇంకో చేత్తో డబ్బా, మూత పళ్ల మధ్య. పని అయ్యాక డబ్బాను ఆ తడి నేల మీదే పెట్టి చీర సర్దుకుంది. చేతులు కడుక్కుందామంటే సబ్బు లేదు. కొంగు చాటున డబ్బా దాచుకొని, వరండా నిండా ఉన్న జనం మధ్యలోంచి తల వంచుకొని వచ్చి కౌంటరు మీద పెట్టింది.

ఇది ఏదో ఒక ఆసుపత్రి కథ కాదు. ప్రభుత్వానివి, ప్రైవేటువి, మిషనువి అనే తేడా లేకుండా చాలా చోట్ల జరిగేదే. ఇన్నాళ్లు దీనిని మనం సిగ్గుకు సంబంధించిన చిన్న ఇబ్బందిగానే చూశాం. నిజానికి ఇది రోగ నిర్ధారణకు, మందుకు, చివరికి మన ప్రాంతపు నీళ్లకు కూడా సంబంధించిన విషయం.

యంత్రం దాకా చేరే దారి

పేదలకు ఉచిత పరీక్షలు అందించడానికి తెలంగాణ డయాగ్నస్టిక్స్ పథకం 2018లో హైదరాబాద్‌లో మొదలైంది. 2021 జూన్‌లో సంగారెడ్డితో సహా 19 జిల్లాల్లో కేంద్రాలు తెరిచి 57 రకాల పరీక్షలు ఉచితంగా చేస్తామన్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసిన శాంపిల్ వాహనంలో జిల్లా కేంద్రానికి వెళ్తుంది. ఫలితం తిరిగి వస్తుంది. 2022లో సంగారెడ్డికి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. ఇవన్నీ మేలైన అడుగులే. వాటి కోసం దేవునికి కృతజ్ఞత చెల్లించాలి.

అయితే యంత్రం ఎంత ఖరీదైనదైనా, దాని దగ్గరకు ఏది వచ్చిందో దానినే చదువుతుంది. రక్తం సిస్టరమ్మ తీస్తుంది. సూది కొత్తది, చేతికి గ్లౌజు ఉంటుంది. మూత్రం, మలం మాత్రం రోగే స్వయంగా, ఒంటరిగా, తలుపు వెనుక పట్టి తేవాలి. అంటే ఆ పరీక్షకు మొదటి టెక్నీషియన్ మన ఊరి అమ్మే, మొదటి ల్యాబు ఆ మరుగుదొడ్డే. ఆ మొదటి ల్యాబుకు మాత్రం వెలుతురు ఉండదు, గూడు ఉండదు, సబ్బు ఉండదు.

మూత్రంలో క్రిములు ఉన్నాయో లేవో తెలుసుకొనే కల్చర్ పరీక్షనే చూడండి. ముందు చేతులు, ఆ భాగం నీళ్లతో శుభ్రం చేసుకోవాలి. మొదట వచ్చే మూత్రాన్ని వదిలేసి, మధ్యలో వచ్చే ధారను డబ్బాలో పట్టాలి. డబ్బా అంచుకు, మూత లోపలికి చెయ్యి తగలకూడదు. సాధారణంగా ఒక మిల్లీలీటరులో ఒకే రకం క్రిములు లక్షకు పైగా పెరిగితే ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు లెక్క వేస్తారు. చర్మం మీది క్రిములు, తడి నేల క్రిములు డబ్బాలో పడితే ఆ లెక్క తారుమారవుతుంది. శాంపిల్ బయటి వేడిలో రెండు గంటలకు మించి ఉంటే క్రిములు అందులోనే పెరుగుతాయి. కాబట్టి ఆలోపు పరీక్ష మొదలుపెట్టాలి, లేదా ఫ్రిజ్‌లో ఉంచాలి.

శాంపిల్ చెడితే రిపోర్టులో రకరకాల క్రిములు కలిసి ఉన్నాయని, మళ్లీ శాంపిల్ ఇవ్వమని రాసి వస్తుంది. ఒకరోజు కూలి పోగొట్టుకొని వచ్చిన మనిషి మళ్లీ రాదు. డాక్టరుగారు ఆమెను ఉత్త చేతులతో పంపలేక అంచనా మీద ఒక యాంటీబయోటిక్ రాస్తారు. అది సరిపడవచ్చు, సరిపడకపోవచ్చు. కొన్నిసార్లు అసలు అవసరమే ఉండకపోవచ్చు.

పటాన్‌చెరు చెప్పే పాఠం

ఈ మాట ఇంకెక్కడైనా ఒక ఎత్తు, పటాన్‌చెరు పక్కన మరో ఎత్తు. 2007లో స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుండి బయటకు వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రకటించింది. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు ఆ కేంద్రానికి వచ్చేవి. శుద్ధి చేసిన తర్వాత కూడా లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని తేలింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ ఆ నీటితో పోతోందని వారు లెక్కగట్టారు. ప్రపంచమంతా పటాన్‌చెరు పేరు విన్నది అప్పుడే. నక్కవాగు, ఇసుకవాగు ఒడ్డు రైతులు మాత్రం ఆ నీళ్ల సంగతి అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుండే చెబుతున్నారు.

యాంటీబయోటిక్ తగిలే కొద్దీ దానికి లొంగని క్రిములు మిగులుతాయి, పెరుగుతాయి. కంపెనీ కాలువల సంగతి కోర్టులు, కాలుష్య నియంత్రణ మండలి చూడాలి. మనం గట్టిగా అడుగుతూనే ఉండాలి. కానీ మందు నీళ్లలోకి చేరే దారి అదొక్కటే కాదు. మనం మింగిన సిప్రోఫ్లాక్సాసిన్‌లో 40 నుండి 50 శాతం మార్పేమీ లేకుండా మూత్రంలోనే బయటకు పోతుంది. అవసరం లేకుండా వేసుకున్న ప్రతి కోర్సూ మన ఒంట్లోని క్రిములకు ఒక పాఠం నేర్పి, తర్వాత మురుగులో కలుస్తుంది. సరైన పరీక్ష ఉంటే సరైన మందు. సరైన శాంపిల్ లేకుండా సరైన పరీక్ష లేదు. ఆ శాంపిల్‌కు సరైన చోటు కావాలి. ఈ గొలుసులో అన్నిటికన్నా చౌకగా బాగుచేయగలిగేది ఆ చోటునే.

మంచి గది ఎలా ఉంటుంది

అది ల్యాబు గోడను ఆనుకొని ఉండాలి. ఆ గోడలో రెండు వైపులా చిన్న తలుపులున్న గూడు ఉంటే రోగి లోపలినుండి డబ్బా పెడుతుంది, టెక్నీషియన్ అవతలినుండి తీసుకుంటాడు. జనం మధ్య కొంగు చాటున మోసుకు రావలసిన పని ఉండదు, రెండు గంటల గడువులో ఒక్క నిమిషం కూడా వృథా కాదు. పేరు, సమయం రాసిన చీటీ మూత మీద కాక డబ్బా మీదే, రోగి లోపలికి వెళ్లకముందే అంటించాలి. లేకపోతే మూతలు మారి ఒకరి రోగం ఇంకొకరికి అంటగట్టినట్టవుతుంది.

లోపల చేతికందే ఎత్తులో డబ్బా పెట్టే గూడు, సంచికి కొక్కెం, పట్టుకొని లేవడానికి గోడకు కడ్డీ, జారని నేల, మంచి వెలుతురు ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే లోపలికి తెరుచుకొనే తలుపు వారికే అడ్డుపడుతుంది. గడియ గట్టిగా పడాలి, అత్యవసరంలో బయటినుండి తీయగలగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, నిండు గర్భిణులకు, చక్రాల కుర్చీలో వచ్చేవారికి కమోడ్ ఉండాలి. ఇది దయ చూపడం కాదు, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆసుపత్రుల మీద పెట్టిన బాధ్యత.

మల పరీక్షకు శాంపిల్‌లో నీళ్లు, మూత్రం కలవకూడదు. ఇండియన్ లెట్రిన్‌లో అది ఎలా సాధ్యమో ఎవరూ చెప్పరు. శుభ్రమైన ఒక పళ్లెమో, పరిచే కాగితమో, తీయడానికి చిన్న చెంచా ఉన్న డబ్బానో ఇచ్చి, బొమ్మలతో గోడ మీద చూపిస్తే చాలు. ఆ బొమ్మల కింద తెలుగుతో పాటు హిందీ, ఉర్దూ, ఒడియా కూడా రాయాలి. పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలలో పనిచేసేవారిలో చాలామందికి తెలుగు చదవడం రాదు.

తెమడ పరీక్షకు మాత్రం ఈ గది పనికిరాదు. క్షయ అనుమానం ఉన్నవారు దగ్గి తెమడ తీయవలసింది గాలి ఆడే ఆరుబయట, నలుగురికి దూరంగా. మరుగుదొడ్డిలోకి పంపితే ఆ క్రిములు మూసిన గదిలో నిలిచి, తర్వాత వెళ్లే గర్భిణి ఊపిరిలోకి చేరవచ్చు. అందుకే ఆవరణలో వేరే చోటు చూపాలి.

ఫ్యాక్టరీ కార్మికుల విషయం కూడా మరవరాదు. ప్రమాదకర ప్రక్రియలలో పనిచేసేవారికి నిర్ణీత వైద్య పరీక్షలు జరపాలని, 2025 దాకా అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. కొన్ని ద్రావకాల జాడ కార్మికుని మూత్రంలో దొరుకుతుంది. కానీ పని బట్టలతో, మందు పొడి అంటిన చేతులతో పట్టిన శాంపిల్ ఒంట్లో ఉన్నదాన్ని కాక ఒంటి మీద ఉన్నదాన్ని చూపవచ్చు. ముందు స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి వీలుంటేనే ఆ పరీక్షకు అర్థం.

ఆ గదిని కడిగే చేతులు

గది కట్టడం తేలిక, నిలబెట్టడం కష్టం. ప్రారంభోత్సవం నాడు మెరిసిన టైల్స్ మూడు నెలలకే ఎలా అవుతాయో మనకు తెలుసు. తప్పు రోగులదే అనడం సులభం. ట్యాంకులో నీళ్లు ఉన్నాయా, రోజుకు ఎన్నిసార్లు కడుగుతున్నారు, ఎంతమందికి ఒక మనిషి అని అడగడం కష్టం.

ఆ గదిని కడిగేవారు ఎవరు? కాంట్రాక్టరు కింద, ఆలస్యంగా వచ్చే జీతానికి పనిచేసే పారిశుద్ధ్య కార్మికులు. వారిలో చాలామంది ఆదివారం మన పక్కనే కూర్చొని కీర్తనలు పాడే అక్కలు, అన్నలు. ఒలికిన శాంపిల్‌ను గ్లౌజు లేకుండా తుడవమంటే తుడుస్తారు, కాదంటే పని పోతుంది. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నియమాలు సిబ్బందికి రక్షణ సామగ్రి, శిక్షణ, టీకాలు ఇవ్వాలని స్పష్టంగా చెబుతున్నాయి. గూడు, కొక్కెం, మూత ఉన్న చెత్తబుట్ట సరిగా ఉన్న గదిలో ఒలకడమే తక్కువ. కాబట్టి మంచి నమూనా కట్టడం రోగికి ఎంత మేలో కార్మికునికీ అంతే మేలు.

"ముందు డాక్టర్లను వేయండి, మందులు ఇవ్వండి, మరుగుదొడ్ల సంగతి తర్వాత" అని కొందరు అంటారు. డాక్టర్లు కావాలి, నిజమే. కానీ తప్పుడు రిపోర్టు చేతిలో ఉన్న డాక్టరు ఏమి చేయగలడు? గూడుకు, కొక్కేనికి, గడియకు పెద్ద బడ్జెట్ అక్కరలేదు, పట్టించుకొనే మనిషి కావాలి. 2025 జనవరి 15న సుప్రీంకోర్టు న్యాయస్థానాలలో మరుగుదొడ్ల వసతి గురించి తీర్పు ఇస్తూ, ఆ వసతి జీవించే హక్కులో భాగమని చెప్పింది. కోర్టుకు వచ్చే కక్షిదారుకు ఉన్న హక్కు ఆసుపత్రికి వచ్చే రోగికి లేకుండా పోతుందా?

పాళెములో సంచరించే దేవుడు

ఇలాంటి విషయం క్రైస్తవ పత్రిక సంపాదకీయంలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం తెరవండి. ఇశ్రాయేలు సైన్యం పాళెము వెలుపల దీనికోసం ఒక చోటు ఏర్పరచుకోవాలని, ఆయుధాలతో పాటు నేల త్రవ్వే పనిముట్టు కూడా ఉంచుకోవాలని, విడిచినదానిని కప్పివేయాలని దేవుడు ఆజ్ఞాపించాడు. కారణం కూడా అక్కడే ఉంది: ఆయన ఆ పాళెములో సంచరిస్తున్నాడు. మరుగుదొడ్డి సంగతి చెప్పడం పరిశుద్ధుడైన దేవునికి తక్కువ అనిపించలేదు. మనకెందుకు అనిపించాలి?

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో, ఘనత లేనివని మనం తలచే అవయవాలకే ఎక్కువ ఘనత ఇస్తామని గుర్తుచేసి, సంఘమనే శరీరం కూడా అలాగే ఉండాలని బోధిస్తాడు. ఆసుపత్రి భవనానికి కూడా ఆ మాట వర్తిస్తుంది. ముందు గుమ్మానికి పాలరాయి వేసి, రోగి అతి బలహీనంగా ఉండే చోట గడియ కూడా పెట్టని కట్టడం ఆ బోధకు ఎదురు నిలుస్తుంది. మెదక్ మహాదేవాలయాన్ని చూసి గర్వపడే మనం, అదే వెస్లియన్ మిషను వారు ఎవరూ ముట్టని కుష్ఠు రోగుల కోసం డిచ్‌పల్లిలో ఆసుపత్రి కట్టారని కూడా గుర్తుంచుకోవాలి.

సంఘాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మన మిషను ఆసుపత్రుల కమిటీలలో ఉన్న పెద్దలు ఈ నెలలోనే ఆ గదిలోకి స్వయంగా వెళ్లి చూడాలి, చేతిలో ఒక డబ్బా పట్టుకొని మరీ. స్త్రీల మైత్రి సహోదరీలు తమ ప్రాంతపు ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ఏమేమి లేవో రాసి, ఆసుపత్రి అభివృద్ధి కమిటీకి మర్యాదగా ఇవ్వాలి. సంఘంలో వడ్రంగులు, ప్లంబర్లు ఉన్నారు. అనుమతి దొరికితే గూడు, కొక్కెం బిగించడం ఒక శనివారం పని. యౌవనస్థులు నాలుగు భాషల్లో బొమ్మల పట్టిక గీయగలరు. ఆదివారం ప్రకటనలలో ఒక నర్సు సహోదరి లేచి, శాంపిల్ ఎలా పట్టాలో రెండు నిమిషాలు చెప్పవచ్చు. సిగ్గుపడవలసినది అందులో ఏమీ లేదు. పనిలో పనిగా మన మందిరం వెనుక ఉన్న మరుగుదొడ్డి గడియ కూడా ఒకసారి చూసుకుందాం.

రోగిని చూడవచ్చినవారిని ప్రభువు మెచ్చుకున్నాడు. మనం మంచం దాకా వెళ్తున్నాం, ప్రార్థించి పండ్లు ఇచ్చి వస్తున్నాం. ఈసారి వరండా చివరి దాకా కూడా నడుద్దాం. అక్కడ మూత పళ్ల మధ్య పట్టుకొని నిలబడిన అమ్మకు ఒక గూడు కావాలి.