నేల మనది, లెక్క మనకు తెలియాలి: కోనసీమ ప్రజల సైన్సు ఉద్యమ ప్రణాళిక

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు గొట్టం పగిలింది. తాటిపాక నుంచి కొండపల్లి వైపు పోయే 18 అంగుళాల గొట్టం అది. కారిన గ్యాసు ఇళ్ల మధ్య, తోటల మధ్య పరుచుకుంది. దానికి నిప్పు తగలగానే మనుషులు, పశువులు, ఇళ్లు, కొబ్బరిచెట్లు ఒకేసారి కాలిపోయాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు.

విచారణలో తేలిన సంగతిని కోనసీమలో ప్రతి ఇల్లూ తెలుసుకోవాలి. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పంపారు. బావిలోంచి పైకి వచ్చే గ్యాసుతో పాటు నీరు వస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఈ రెండూ కలిసి ఆమ్లంగా మారతాయి. ఆ ఆమ్లం ఉక్కు గొట్టాన్ని లోపలి నుంచి కొంచెం కొంచెంగా తినేస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. అందుకే గ్యాసులోని నీటిని ముందే తీసేసి పంపాలి, అందుకు తగిన యంత్రం పెట్టాలి. ఇందులో అర్థం కానంత పెద్ద శాస్త్రం ఏమీ లేదు. పదో తరగతి పిల్లలకు బల్ల మీద చేసి చూపించవచ్చు. అయినా తమ ఇళ్ల పక్కన ఏ గ్యాసు పోతోందో నగరం ప్రజలకు చావులు అయ్యాకే తెలిసింది.

ఆ యంత్రం పెట్టాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా అన్నది ఇంజినీర్ల లెక్కల్లో ఒక సాంకేతిక విషయం. మా దృష్టిలో అది నగరం ప్రజల ప్రాణాల మీద తీసుకున్న నిర్ణయం. ఎవరి పక్కన ప్రమాదం ఉండాలి, ఎంత ఉండాలి, దాన్ని తగ్గించడానికి ఎవరు డబ్బు పెట్టాలి అన్న ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయి. ఆ ప్రశ్నలు అడిగే చోట నగరం మనిషి ఒక్కడూ లేడు. ఆ చోటు సంపాదించడానికే మేం ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం. మాలో రైతులు, కౌలు రైతులు, కొబ్బరి దింపు కార్మికులు, మత్స్యకారులు, ఆడపడుచులు, పంతుళ్లు, చదువుకుని ఉద్యోగాల్లో ఉన్న ఇంజినీర్లు, డాక్టర్లు ఉన్నారు.

మేం సైన్సుకు వ్యతిరేకులం కాం. గోదావరి పాయల మధ్య ఉన్న ఈ సీమే సాంకేతికతతో తయారైంది. 1832-33 నాటి నందన కరువులో జనం పిట్టల్లా రాలిపోయిన నేల ఇది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దీన్ని వరి సీమ చేసింది. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా నీటిని దాటించడానికి ఇటుక, సున్నంతో 49 కమానుల అక్విడెక్టు కట్టారు. 2000లో దాని పక్కన వచ్చిన కొత్త కట్టడానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుకున్నాం. ఆనకట్ట కట్టించిన కాటన్ దొర ఫొటో గోదావరి జిల్లాల ఇళ్లలో దేవుడి పటాల పక్కన ఉండటంలో మాకు ఆశ్చర్యం లేదు.

కాలువ వచ్చాక భూమికి విలువ వచ్చింది. ఆ విలువ భూమి ఉన్నవాళ్లకు దక్కింది. మట్టి మోసి కాలువ తవ్వినవాళ్లు, వాళ్ల తరవాతి తరాలు గట్ల వెంట పేటల్లో కూలీలుగానే మిగిలారు. నీరు అందరి పక్క నుంచీ పారింది కానీ అందరికీ పంట ఇవ్వలేదు. కాలువ గొప్ప ఇంజినీరింగు. దాని ఫలం ఎవరికి ఎంత అందాలన్నది మాత్రం కులమూ భూమీ తేల్చాయి. ఈ రెండు మాటలూ కలిపి చెప్పని కోనసీమ చరిత్ర సగం చరిత్రే.

మురుగు కాలువల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మా ఉద్యమానికి అదే గుండెకాయ. నీటి కాలువ మెరక మీద నడుస్తుంది, మురుగు కాలువ పల్లంలో నడిచి సముద్రంలో కలుస్తుంది. డెల్టా వ్యవసాయానికి రెండూ కావాలి. నీరు పెట్టడం ఎంత ముఖ్యమో తీసెయ్యడం అంతే ముఖ్యం. నీటి కాలువలకు ఆయకట్టు ఉంది, ప్రారంభోత్సవాలు ఉన్నాయి. మురుగు కాలువకు అవేవీ లేవు. కౌశిక, కూనవరం, వాసాలతిప్ప, పంచనది డ్రెయిన్ల పేర్లు వరద వచ్చినప్పుడే పేపర్లో కనిపిస్తాయి. పూడిక, గుర్రపుడెక్క, ఆక్రమణలు, చేపల చెరువుల గట్లు కలిసి వాటిని ఇరుకు చేశాయి. డ్రెయిన్లు సముద్రంలో కలిసే మొగలు ఇసుకతో పూడిపోతాయి. మొగ తెరిస్తే పోటు వేళ ఉప్పునీరు లోపలికి ఎగదన్నుతుంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట కేశనపల్లి ప్రాంతంలో ఆ ఉప్పునీటికే కొబ్బరిచెట్లు తలలు వాల్చాయి. మొగ మూసుకున్నా, తెరుచుకున్నా నష్టం రైతుకే.

2011 సార్వాలో కోనసీమ రైతులు వేలాది ఎకరాల్లో పంట విరామం ప్రకటించారు. దేశమంతా ఆశ్చర్యపోయింది, ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. గిట్టుబాటు ధరతో పాటు మురుగు పారుదల అప్పటి ప్రధాన కోరికల్లో ఒకటి. 2022లో మళ్లీ పంట విరామం మాట వినిపించింది. ఈ రెండు సందర్భాల్లోనూ భూమి యజమాని పొలం బీడు పెట్టగలిగాడు. ఆ పొలం కౌలుకు చేసుకునేవాడు, దాంట్లో ఊడ్పులకు వెళ్లే ఆమె ఆ ఏడు ఏం తినాలన్న చర్చ దాదాపు జరగలేదు. మా ఉద్యమంలో ఆ చర్చ ముందు జరుగుతుంది.

ఇక్కడ విత్తనం గురించి ఒక మాట. గోదావరికి అవతల మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ వరి రకం (ఎంటీయూ 7029) దేశంలో కోట్ల మందికి అన్నం పెట్టింది. మన పక్క జిల్లా శాస్త్రవేత్తల పనిని చూసి గర్వపడాలి. తరవాత ఒడిశా దేశవాళీ వరిలోని ముంపు తట్టుకునే జన్యువును దానికి చేర్చారు. అలా వచ్చిన స్వర్ణ సబ్-1 2009లో మన దేశంలో విడుదలైంది. మొక్క మొత్తం మునిగినా సుమారు రెండు వారాలు బతుకుతుంది. అయితే అది వచ్చిపోయే వరదకు సరిపడే గుణం. మన పల్లపు చేలల్లో ముంపు వేరు. మోకాలి లోతు నీరు పోయే దారి లేక వారాల తరబడి నిలుస్తుంది. దానికి ఆ జన్యువు పనిచేయదు. డ్రెయిన్ తవ్వాల్సిన చోట కొత్త విత్తనం ఇస్తామంటే మేం ఒప్పుకోం. విత్తనం ఇవ్వండి, డ్రెయిన్ కూడా తవ్వండి.

సైన్సు జనంతో కలిసి నడిస్తే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, అంబాజీపేట వెళ్తే చాలు. 2016లో పొల్లాచ్చి దగ్గర తొలిసారి మన దేశంలో కనబడ్డ సర్పిలాకార తెల్లదోమ కొద్దికాలంలోనే గోదావరి జిల్లాల కొబ్బరి మీద పడింది. ఆకుల కింద తెల్లటి చుట్టలు, పైన నల్లటి మసి. భయపడి రసాయన మందు కొడితే తెల్లదోమను తినే పరాన్నజీవులు కూడా చస్తాయి, దోమ మరింత పెరుగుతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం ఐసేరియా అనే శిలీంధ్రాన్ని, దోమ గుడ్లను తినే మిత్రపురుగులను పెంచి రైతులకు అందించింది. దోమను పూర్తిగా పోగొట్టలేదు కానీ విషం చల్లకుండా అదుపులో పెట్టే దారి చూపించింది. కొబ్బరి చెట్టు మొవ్వును అందరికంటే ముందు చూసేది దింపు కార్మికుడు. కొమ్ముపురుగు ఎక్కడ తొలిచిందో, ఎర్రముక్కు పురుగు ఎక్కడ చేరిందో చెట్టు దిగేలోపే అతనికి తెలుస్తుంది. ఆ చూపును పరిశోధన కేంద్రం రిజిస్టరులో ఎక్కించే పద్ధతి ఇంకా రాలేదు. దాన్ని తెచ్చేది మేమే. ప్రతి ఊళ్లో దింపు కార్మికులకు శిక్షణ ఇప్పించాలి, వాళ్లు చేసే గమనింపు పనికి కూలి కట్టించాలి.

మా పెద్ద భయం నేల కుంగడం. 2009లో నేచర్ జియోసైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రపంచంలో మనుషుల పనుల వల్ల దిగిపోతున్న డెల్టాల్లో గోదావరి డెల్టాను చేర్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు బృందం లెక్క కట్టింది: 1970లలో గోదావరి ఏడాదికి 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది, 2000-2006 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. మిగతా ఒండ్రు పైన ఆనకట్టల వెనుక ఆగిపోతోంది. 1965 నుంచి 2008 లోపు కృష్ణా, గోదావరి డెల్టాలు కలిపి 76 చదరపు కిలోమీటర్ల తీరం పోగొట్టుకున్నాయి. అంతర్వేదిలో సముద్రం ఊరి మీదికి రావడం చూసినవాళ్లకు ఈ అంకె కొత్తది కాదు. దీనికి తోడు నేల కింది నుంచి చమురు, గ్యాసు తీస్తున్నందుకు ఎంత కుంగుతోంది? ఊళ్లలో ఒకలా చెప్తారు, కంపెనీ మరోలా చెప్తుంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 1959లో గ్యాసు దొరికింది. అక్కడ కూడా మొదట భయం లేదన్నారు. తరవాత భూకంపాలు వచ్చాయి, ఇళ్లు పగుళ్లిచ్చాయి. 2023 ఫిబ్రవరిలో ఆ దేశ పార్లమెంటు విచారణ స్థానికుల క్షేమాన్ని పట్టించుకోలేదని తేల్చింది, అక్టోబరులో ఉత్పత్తి ఆపేశారు. అక్కడివాళ్ల వాదనకు ఏళ్ల తరబడి రాసిపెట్టిన కొలతలు బలమిచ్చాయి. మాకూ అలాంటి కొలతలు కావాలి. 1995 జనవరి 8న పాశర్లపూడి 19వ నంబరు బావిలో మొదలై 65 రోజులు మండిన మంటను చూసిన సీమకు ఆ మాత్రం అడిగే హక్కు ఉంది.

ఆ హక్కు ఇప్పుడు తగ్గుతోంది. 2020 జనవరిలో కేంద్రం చమురు, గ్యాసు అన్వేషణ డ్రిల్లింగును పర్యావరణ అనుమతుల్లో బి2 తరగతిలోకి మార్చింది. దాంతో అన్వేషణ బావికి బహిరంగ విచారణ అక్కర్లేకుండా పోయింది. ఊరి జనం మైకు ముందు నిలబడి ప్రశ్న అడిగే ఆ ఒక్క రోజు కూడా పోయింది. ఆ మార్పును రద్దు చేయాలని మేం కోరుతున్నాం. ఓఎన్‌జీసీ, గెయిల్ వెళ్లిపోవాలని మేం అనడం లేదు. ఉన్నంత కాలం లెక్క చెప్పాలి, తెలుగులో చెప్పాలి, గ్రామసభలో చెప్పాలి.

మన లోపలి నిప్పు గురించి మాట్లాడకుండా ఈ ప్రణాళిక పూర్తి కాదు. 2022 మే 24న జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టొద్దంటూ అమలాపురంలో జరిగిన ఆందోళనలో ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. జనాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పోగు చేశారని పోలీసులు చెప్పారు. ఆ తరవాత రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే కుర్రాళ్లు సిగ్నల్ కోసం గోదావరి గట్లకు చేరారు. అరచేతిలోకి ఫోను వచ్చినంత వేగంగా మనసులోంచి కులం పోలేదు. పాత ద్వేషానికి కొత్త వేగం దొరికింది. పేరు నిలిచింది, జిల్లా ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా. గోదావరి వరద అంచనాలు ఇచ్చే కేంద్ర జల సంఘానికి మూలమైన సంస్థ 1945లో ఏర్పడింది. అప్పుడు వైస్రాయి మండలిలో కార్మిక సభ్యుడిగా ఉండి దానికి దారి వేసినవాడు అంబేడ్కరే. నీటి నిర్వహణను దేశాభివృద్ధితో, శ్రమజీవి బతుకుతో కలిపి ఆలోచించిన మనిషి పేరు ఈ నదీ సీమకు సరిగ్గా సరిపోతుంది. కులం పేరుతో విడిపోయి కూర్చునే సైన్సు సమావేశం మాకు వద్దు. మా కమిటీల్లో పేటల నుంచి వచ్చినవాళ్లు, ఆడవాళ్లు సగం ఉండాలి. వాళ్లు లేని సమావేశం చెల్లదు.

మేం మొదట చేపట్టే పనులు చిన్నవే. గ్యాసు గొట్టం పోయే ప్రతి ఊళ్లో పంచాయతీ గోడ మీద పటం గీస్తాం: గొట్టం ఎక్కడుంది, ఎప్పుడు వేశారు, అందులో ఏం పోతోంది, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు. సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడుగుతాం. హైస్కూలు పిల్లలతో నెలకోసారి బావుల, బోర్ల నీటి ఉప్పదనం కొలిపిస్తాం. ఆ అంకెలు బడి గోడ మీదే ఉంటాయి. లంకల్లో వరద పని వేరుగా చేస్తాం. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు చూసిన లంకలవాళ్లకు ఈ అంకెలు కంఠస్థం. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే ఎన్ని అడుగులకు మునుగుతుంది, ఏ లంకలో ఏ ఇంటి గడపకు నీరు ఎప్పుడొస్తుంది అన్నది పెద్దవాళ్లకు తెలుసు కానీ ఎక్కడా రాసి లేదు. దాన్ని రాస్తాం. నిండు గర్భిణి, మంచం పట్టిన ముసలమ్మ ఏ హెచ్చరికకు పడవ ఎక్కాలో ముందే తేలుస్తాం. ప్రతి డ్రెయిన్‌కూ పుట్టిన చోటు నుంచి మొగ దాకా నడిచి ఆక్రమణలు, పూడికలు రాసి గ్రామసభల్లో చదువుతాం.

ఇదంతా తెలుగులో చేస్తాం. ముంగండ మహీధర కుటుంబంలోని నళినీమోహన్ సైన్సును తియ్యటి తెలుగులో రాశారు. 1962లో పుట్టిన కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు, 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక దారి వేశాయి. మేం ఆ దారిలో మా సీమ పని మేం చేసుకుంటాం. పార్టీల డబ్బు, కంపెనీల డబ్బు తీసుకోం.

అమలాపురం, రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం, గన్నవరం ప్రజలారా, రండి. హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫులో, అమెరికాలో ఉన్న కోనసీమ బిడ్డలారా, మీ చదువును ఏడాదికి కొన్ని రోజులైనా మీ ఊరికి ఇవ్వండి. గొట్టమో, డ్రెయినో, బావో, కొబ్బరి తోటో మీ ఊళ్లో ఒకటి ఎంచుకోండి. ఈ నెలలోనే మొదటి కొలత తీసి, తేదీ వేసి, అందరికీ కనిపించే గోడ మీద రాయండి.