కొలత లేని టెక్నాలజీ

హైదరాబాద్‌కు టెక్నాలజీ ఎప్పుడొచ్చిందని ఎవరినడిగినా ఒకటే జవాబు. 1998 నవంబర్ 22న, వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజున. ఆ ఘనత మాదంటే మాదని పార్టీలు కొట్లాడుకుంటాయి గానీ, తేదీ మీద మాత్రం ఎవరికీ పేచీ లేదు. ఈ కథకు ఒక తోక కూడా ఉంది. అంతకుముందు ఉన్నవన్నీ సర్కారీ ఫ్యాక్టరీలు, యూనియన్లు, సబ్సిడీ క్యాంటీన్లు. వాటివల్ల ఒరిగిందేమీ లేదు. ప్రైవేటోళ్లు వచ్చాకే నాలుగు మెతుకులు దొరికాయి అని. మా నిర్మల్ జిల్లా ఖానాపూర్ బస్టాండ్ ముందు చాయ్ తాగే డిగ్రీ పిల్లగాడు కూడా ఇదే అప్పజెబుతాడు. వాడి తప్పేం లేదు, వాడికి చెప్పింది అదే.

తేదీ తప్పు. తోక ఇంకా పెద్ద తప్పు. పైగా ఈ కథను నమ్మడం వల్ల మా ఉత్తర తెలంగాణ ఊళ్లు ఇప్పటికీ నష్టపోతున్నాయి. నా అసలు పేచీ దాని గురించే.

హైదరాబాద్‌లో ఇసిఐఎల్ అంటే చాలామందికి ఒక చౌరస్తా. సిటీ బస్సు బోర్డు మీద కనబడే పేరు. దాని పక్కన ఏ.ఎస్.రావు నగర్ అంటే ఫ్లాట్ల రేటు మండిపోయే కాలనీ. ఆ రావు ఎవరో తెలియకుండానే అక్కడ ముప్పై ఏళ్లుగా ఇల్లుకట్టుకుని ఉంటున్నవాళ్లున్నారు. అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. బెనారస్‌లో చదివి, స్టాన్‌ఫోర్డ్ వెళ్లి వచ్చి, హోమీ భాభా దగ్గర చేరారు. 1956లో ట్రాంబేలో అప్సర రియాక్టర్ నడిచినప్పుడు ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది గానీ, దాన్ని అదుపులో పెట్టే కంట్రోల్ వ్యవస్థను తయారుచేసింది మాత్రం రావు బృందమే. రియాక్టర్ దగ్గర కొలవడం అంటే ఆషామాషీ కాదు. లోపల న్యూట్రాన్లు ఎంత జోరుగా పెరుగుతున్నాయో మీటరు చెప్పాలి, ఆ మాట విని కడ్డీలు తమంతట తాము కిందికి దిగాలి. కొలత ఆలస్యమైతే చేయగలిగింది ఏమీ ఉండదు. ఆ పనిలో ఆరితేరిన మనుషులతో, ట్రాంబే ల్యాబొరేటరీ కొనసాగింపుగా, అణుశక్తి శాఖ కింద 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఇసిఐఎల్ పుట్టింది. సైబర్ టవర్స్‌కు ముప్పై ఒక్క ఏళ్ల ముందు.

మొదట్లో వాళ్లు చేసింది కొలిచే సామానే. రేడియేషన్ డిటెక్టర్లు, గామా స్పెక్ట్రోమీటర్లు, యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబుల్లో కనబడే పీహెచ్ మీటర్లు. కంప్యూటర్ ఆ కొలతల వెనకాలే వచ్చింది. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ-12ను 1969లో బయటికి తెచ్చారు. మన దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన తొలి డిజిటల్ కంప్యూటర్‌గా దాన్నే చెప్పుకుంటారు. తర్వాత టీడీసీ-312, టీడీసీ-316. అంటే ఈ నగరంలో కంప్యూటర్ మొదట పుట్టింది అమెరికా వాళ్ల బిల్లింగు పని చేయడానికి కాదు, ఒక యంత్రం ఎలా నడుస్తోందో కనిపెట్టి దాన్ని నడపడానికి.

విచిత్రమేమిటంటే ఫార్మా విషయంలో ఈ మతిమరుపు లేదు. సర్కారీ మందుల కంపెనీ ఐడీపీఎల్ లేకపోతే డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి లేడు, అంజిరెడ్డి లేకపోతే ఇంత ఫార్మా లేదు అని అందరూ ఒప్పుకుంటారు. సర్కారీ సంస్థ హెచ్‌ఎంటీ నుంచి బయటికొచ్చిన ఇంజనీర్లు 1970లో ఎంటార్ పెట్టి రియాక్టర్ల విడిభాగాలు చేశారని షేర్ మార్కెట్ వాళ్లు కూడా చెబుతారు. ఎలక్ట్రానిక్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 1998కి ముందు శూన్యం!

ఇక్కడ ఎదుటివాళ్లు ఒక మెట్టు దిగుతారు. సరే, ఇసిఐఎల్ ఉండేది, కానీ ఫెయిలయింది కదా అంటారు. అమెరికాలో ఇలాంటి కంపెనీయే గ్యారేజీలో పుట్టి వేల కోట్లకు ఎదిగింది, మనది సర్కారుది కాబట్టి చతికిలపడింది అంటారు. ఈ వాదనలో కొంత పస ఉంది కాబట్టి దీన్ని నెమ్మదిగా చూడాలి.

వాళ్లు చెప్పే అమెరికా కంపెనీ నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్. 1976లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో జేమ్స్ ట్రచార్డ్, జెఫ్ కొడోస్కీ, బిల్ నౌలిన్ అనే ముగ్గురు మొదలుపెట్టారు. గ్యారేజీ నిజమే. కానీ ఆ గ్యారేజీ తలుపు తీసి వెనక్కి చూస్తే టెక్సాస్ యూనివర్సిటీ ల్యాబ్ కనబడుతుంది, ఆ ల్యాబ్ వెనక అమెరికా నౌకాదళం డబ్బు కనబడుతుంది. ఆ ముగ్గురూ అక్కడి ఉద్యోగులే. పరీక్షల్లో కొలత పరికరాలను కంప్యూటర్‌కు కలపలేక విసిగిపోయి, ఆ కలిపే బోర్డు తామే చేశారు. సర్కారు ల్యాబ్‌లో పుట్టిన అవసరమే అక్కడా, ఇక్కడా. అమెరికాలో అది గ్యారేజీ కథ అయింది, మన దగ్గర సర్కారీ కథ అయింది, అంతే తేడా.

మరి ఎదుగుదలలో తేడా ఎక్కడొచ్చింది? నా మటుకు నాకు కనిపించేది యాజమాన్యం కాదు, పట్టు. నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు కంప్యూటర్ తయారుచేయడం తమ పని అనుకోలేదు. ఎవరి కంప్యూటర్ అయినా సరే, దానికి మీటరును ఎలా తగిలించాలన్నదే వాళ్ల వ్యాపారం. 1986లో మెకింటోష్ మీద ల్యాబ్‌వ్యూ తెచ్చారు. ప్రోగ్రాం లైన్లు రాయక్కర్లేదు. తెర మీద డబ్బాలు పెట్టి, వాటి మధ్య తీగలు గీస్తే చాలు, కంప్యూటరే ఓసిల్లోస్కోప్ అవుతుంది, వోల్ట్‌మీటర్ అవుతుంది. కోడింగ్ రాని మెకానికల్ ఇంజనీరు కూడా తన యంత్రాన్ని తానే కొలుచుకోగలిగాడు. నలభై ఏడేళ్లు ఆ ఒక్క గీత దాటలేదు. 2023లో ఎమర్సన్ కంపెనీ దాన్ని 820 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

ఇసిఐఎల్ గీత దాటింది, లేదా దాటించారు. ఆఫీసు లెక్కల కంప్యూటర్లూ నువ్వే చేయి, టీవీలూ నువ్వే చేయి అన్నారు. ఈసీటీవీ ఒకప్పుడు మా ఊళ్లలో సర్పంచ్ ఇంట్లోనో, పటేల్ ఇంట్లోనో ఉండేది, దాని ముందు గల్లీ అంతా కూర్చునేది. ఆ జ్ఞాపకం తీయనిదే, కానీ రియాక్టర్‌ను కొలిచే కంపెనీకి టీవీ డబ్బాలతో ఏం పని? 1978లో ఐబీఎం దేశం విడిచిపోయింది. అప్పటికే హెచ్‌సీఎల్, డీసీఎం లాంటివి మైక్రోప్రాసెసర్ చిప్పులు తెచ్చి చవకగా యంత్రాలు బిగిస్తున్నాయి. అన్నీ మనమే చేయాలన్న పట్టుదలతో ఉన్న ఇసిఐఎల్ యంత్రం ధర ఎక్కువ, చేతికొచ్చేసరికి ఆలస్యం. అక్కడ ఓడిపోయింది, దాన్ని దాచాల్సిన పనిలేదు. అయితే ఓడిపోయింది కొలతను వదిలి వెళ్లిన చోటే. దేశంలోని చాలా అణు విద్యుత్ కేంద్రాల కంట్రోల్ వ్యవస్థలు ఇవాళ్టికీ దానివే. చంద్రయాన్-1 మాటలు వినడానికి బెంగళూరు దగ్గరి బ్యాలాళులో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నా దానిదే. లద్దాఖ్‌లోని హాన్లేలో 2024లో ప్రారంభమైన మేస్ టెలిస్కోప్ హైదరాబాద్‌లో దాని షెడ్లలోనే తయారైంది. కంపెనీ బతికి ఉన్నది ఎక్కడ, దెబ్బతిన్నది ఎక్కడ అని చూడకుండా ‘సర్కారీ కాబట్టి’ అనేస్తే అది విశ్లేషణ కాదు, ఆనవాయితీ.

ఇసిఐఎల్ పనితనం చూడటానికి దూరం పోనక్కర్లేదు. ఖానాపూర్ నుంచి గోదావరి దాటితే కోరుట్ల నియోజకవర్గం, నిజామాబాద్ లోక్‌సభ కిందికి వస్తుంది. 2019లో పసుపు బోర్డు కావాలని, ఎర్రజొన్నకు ధర కావాలని కడుపుమండిన రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేశారు. బరిలో మొత్తం 185 మంది. అప్పటిదాకా ఎక్కువగా వాడిన ఈవీఎం నోటాతో కలిపి 64 పేర్లకు మించి మోయలేదు. అందరూ బ్యాలెట్ పేపర్ తప్పదనుకున్నారు. ఎన్నికల సంఘం ఇసిఐఎల్‌కు చెప్పింది. ఎం-3 రకం యంత్రాలు వచ్చాయి. ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు ఒకదానికొకటి తగిలించి బల్లల మీద పరిచారు. ఓటరు తన గుర్తు వెతుక్కుంటూ బల్ల పొడవునా నడవాల్సి వచ్చింది. పోలింగ్ జరిగింది ఏప్రిల్ 11న, ఇసిఐఎల్ పుట్టినరోజున. ఇది కాకతాళీయమే లెండి. ఈవీఎంల మీద పెద్దల కొట్లాట వేరే సంగతి, దాని జోలికి పోను. నేను చూసేదల్లా ఆ డబ్బా తీరు. ఇంటర్నెట్ లేదు, కరెంటు అక్కర్లేదు, బ్యాటరీతో నడుస్తుంది, లెక్కపెట్టడం అనే ఒక్క పని చేస్తుంది. పెంబి అడవిలో గోండు గూడెంలోనూ, జూబ్లీహిల్స్‌లోనూ ఒకే తీరుగా పనిచేస్తుంది.

సైబర్ టవర్స్ నుంచి అలాంటి వస్తువు ఒక్కటి మా దాకా వచ్చిందా? యాప్‌లు వచ్చాయి. భారత పత్తి సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే ఇప్పుడు కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేయాలి. సిగ్నల్ కోసం రైతు గుట్ట ఎక్కి బుక్ చేశాడే అనుకుందాం. పొద్దున్నే బొలెరోలో పత్తి వేసుకుని జిన్నింగ్ మిల్లుకు పోతాడు. అక్కడ రైతు బతుకును తేల్చేది యాప్ కాదు, మాయిశ్చర్ మిషన్. సీసీఐ లెక్క ప్రకారం తేమ 8 శాతం లోపుంటే పూర్తి ధర. అక్కడి నుంచి 12 దాకా ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత. 12 దాటితే కొనరు. 2025-26 సీజన్ మద్దతు ధర 8,110 రూపాయల మీద ఒక్క శాతం అంటే క్వింటాలుకు 81 రూపాయలు. 12 దాటిందా, బండి అటునుంచి అటే ప్రైవేటు వ్యాపారి దగ్గరికి.

ఆ మిషన్ చేసే పని ఏమిటి? పత్తిలోంచి కొద్దిపాటి కరెంటు ఎంత సులువుగా పోతోందో చూసి దాన్ని తేమగా చెబుతుంది. గట్టిగా అదిమితే అంకె పెరుగుతుంది. వేడిని బట్టి మారుతుంది. చలికి పేరుపడ్డ ఆదిలాబాద్‌లో నవంబర్ మంచుకు తడిసిన పైపొర ఒకటి చూపిస్తే, చేయి లోపలికి పెట్టి తీసిన పత్తి ఇంకొకటి చూపిస్తుంది. మిషన్ పట్టినవాడు 14 అన్నాడని రైతు గొడవపడితే, ఇంకోచోట గుచ్చి 11 అంటాడు. ఆ రెండు అంకెల్లో ఏది రాయాలో చెప్పే కాగితం మిషన్‌లోంచి రాదు, రాసేది మనిషి. మిల్లులో కాంటా మీద జోకితే చీటీ వస్తుంది, తేమకు మాత్రం మాటే చీటీ. ఏటా మార్కెట్ యార్డుల ముందు ధర్నాలు దీని మీదే. నాలుగు చోట్ల గుచ్చి, వేడిని సరిచేసి, సగటు తీసి, టైముతో సహా చీటీ ఇచ్చే మిషన్ చేయడం రియాక్టర్‌కు కంట్రోల్ రూమ్ కట్టిన నగరానికి బ్రహ్మవిద్యా?

కొలత లేని లోటు ఇంకా పెద్దగా కనబడేది కడెం దగ్గర. 2022 జూలైలో 13, 14 తేదీల్లో కడెం ప్రాజెక్టుకు ఐదు లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. గేట్లన్నీ ఎత్తినా మూడు లక్షలకు అటుఇటుగానే కిందికి పోగలదు. పద్దెనిమిది గేట్లలో ఒకటి లేవలేదు. దిగువ ఊళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. వరద దానంతట అది తగ్గింది కాబట్టి కట్ట నిలిచింది. మరుసటి ఏడు జూలైలో మళ్లీ కొన్ని గేట్లు మొరాయించాయి. కడెం వాగు బోథ్ వైపు గుట్టల్లో పుట్టి కుంటాల దగ్గర దూకి వస్తుంది. పైన వాన పడితే కొన్ని గంటల్లోనే కింద తెలుస్తుంది. పైన మండలాల్లో వానను కొలిచే ఆటోమేటిక్ కేంద్రాలున్నాయి, కాదనను. కానీ వాన అంకె, వాగు మట్టం, జలాశయం మట్టం, గేటు మోటారు లాగుతున్న బరువు ఒకే తెర మీదికి వచ్చి, రేపు ఈ గేటు మొరాయిస్తుందని వేసవిలోనే చెప్పడం వేరే పని. అది సాఫ్ట్‌వేర్ ఎగుమతి కాదు, కొలత పని. హైదరాబాద్ నుంచి ఖానాపూర్‌కు సుమారు 240 కిలోమీటర్లు. ఆ పని మాత్రం ఇంతవరకు దారి తెలుసుకోలేదు.

సైబర్ టవర్స్ వల్ల మా పిల్లలకు ఉద్యోగాలు రాలేదా అంటే వచ్చాయి. ఖానాపూర్ నుంచి పోయిన పిల్లలు గచ్చిబౌలిలో, ఆస్టిన్‌లో కూడా ఉన్నారు, సంతోషం. కానీ పిల్లలు పోవడం వేరు, టెక్నాలజీ రావడం వేరు. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్ బ్రాంచి దొరికితే తల్లిదండ్రులు ముఖం చిట్లిస్తారు, సీఎస్ఈ కోసం లక్షలు పోస్తారు. 1998 కథ వాళ్లకు నేర్పింది అదే.

చివరికి వచ్చే అభ్యంతరం ఒకటుంది. తేమ మిషన్లకు, గేట్ల సెన్సర్లకు మార్కెట్ ఎంత, ఎవడు పెట్టుబడి పెడతాడు అని. తెలంగాణలో పత్తి నలభై లక్షల ఎకరాలకు పైనే వేస్తారు, మార్కెట్ సంగతి అక్కడ వదిలేద్దాం. నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1977లో అమ్మిన మొదటి సరుకు ఒకే ఒక్క బోర్డు. కొన్నది శాన్ ఆంటోనియోలోని కెల్లీ వైమానిక స్థావరం, అంటే అక్కడి సర్కారే. ఇక్కడ ఆ మొదటి ఆర్డరు రాయడానికి మార్కెటింగ్ శాఖ ఉంది, నీటిపారుదల శాఖ ఉంది. రెండింటి ఆఫీసులూ నిర్మల్‌లోనే ఉన్నాయి.